వృద్ధాశ్రమానికి పంపే అన్నం



పిల్లవాడి పుట్టినరోజనో, మామగారి తిథి అనో వృద్ధాశ్రమానికి భోజనం పంపడం మనలో చాలామందికి అలవాటే. మంచి పనే. అయితే, పెళ్ళిలో మిగిలిన అన్నాన్ని రాత్రంతా గంగాళంలో ఉంచి తెల్లవారాక పంపితే మాత్రం, పుణ్యం మాట దేవుడెరుగు, పాపం చుట్టుకుంటుంది.

ఎందుకంటారా? బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గంటలకొద్దీ గోరువెచ్చగా ఉంటే అవి పెరిగి, వాంతులు పుట్టించే విషాన్ని తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. వాసనకూ తెలియకపోవచ్చు. మనమైతే ఒకపూట అవస్థపడి తేరుకుంటాం. ఎనభై ఏళ్ళ పెద్దావిడకు ఒంట్లో నీరు తగ్గి, ప్రాణం మీదికి రావచ్చు.

కాబట్టి వీలుంటే సరుకులిచ్చి, ఆశ్రమంలోనే వండించండి. వండి పంపేటట్లయితే పొగలు కక్కుతుండగానే, అంటే 60 డిగ్రీలకు తగ్గకుండా చేర్చండి. చల్లారితే రెండు గంటల్లోపు వడ్డన అయిపోవాలి. పెరుగన్నం పొద్దున్నే కలిపి పంపకండి. చల్లని పెరుగు విడిగా ఇవ్వండి. వడ్డించేవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. విరేచనాలవుతున్నవారు వంటింటి గడప తొక్కకూడదు.

"నిన్నటిది తీసుకోలేమమ్మా" అని అక్కడి వంటామె అంటే చిన్నబుచ్చుకోకండి. ఆ పెద్దవాళ్ళ మేలుకోరే ఆమె అలా అంటోంది. ఇంట్లో మన అత్తగారికి పెట్టనిది అక్కడివారికి మాత్రం ఎలా పెడతాం, చెప్పండి?