ఆశయమునకు లెక్క

మనిషికి ఆత్మవిశ్వాసము కావలెనని పెద్దలు పిల్లలకు చెప్పుచుందురు. అది నిజమే. తనపై తనకు నమ్మకము లేనివాడు ఏ పనికిని పూనుకొనలేడు. కాని ఆ నమ్మకముతో తలపెట్టిన పనికి ఖర్చు ఎవరిది, మంచిచెడ్డలకు జవాబుదారి ఎవరు అను ప్రశ్నను మనము అంత తరచుగా వేసికొనము. ఆ ప్రశ్న వేసికొనుటకు భద్రాచలము తగిన తావు.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోవుకొలది పొలములు తగ్గి అడవి దగ్గరపడును. అడవి దాటి గోదావరిని చేరినచో ఆవలియొడ్డున భద్రగిరి కనబడును. ఆ కొండపై ఇద్దరి పేర్లు నిలిచియున్నవి.

మొదటిది పోకల దమ్మక్క పేరు. అడవిలో వెలసిన దేవరకు ఆమె పందిరి వేసి, తాటిపండ్లు నివేదించెనని చెప్పుదురు. పందిరి తన చేతులతో వేసినది. పండు తాను ఏరుకొన్నది. అందుకు ఆమె ఎవరికిని లెక్క చెప్పవలసిన పని లేకపోయెను.

రెండవది నేలకొండపల్లి వాడైన కంచెర్ల గోపన్న పేరు. 1672లో గోలకొండ గద్దెనెక్కిన తానీషా కొలువున అక్కన్న, మాదన్నలు అధికారము నెరపుచుండగా, వారి మేనల్లుడని చెప్పు గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు అయ్యెను. పందిరి క్రింది దేవునికి రాతిగుడి కట్టవలెనని ఆయన సంకల్పము. చందాలు చాలలేదు. వసూలైన శిస్తులోనుండి ఆరు లక్షల వరహాలు, సర్కారు అనుమతి లేకయే, వెచ్చించెనని ఐతిహ్యము. ఫలితముగా గోలకొండలో పన్నెండేండ్ల చెర.

శిస్తు అనగా రైతు చెమట. తహశీలుదారు చేతిలో పడినంతమాత్రమున అది అతని సొమ్ము కాదు. భక్తి ఎంత గొప్పదైనను ఈ మాట మారదు. అయినను గోపన్న పారిపోయెననిగాని, నేరమును క్రింది ఉద్యోగులపై నెట్టెననిగాని మనము కథలో ఎక్కడను వినము.

పైగా ‘ఇక్ష్వాకు కులతిలకా’ అను ఆయన కీర్తనను గమనింపుడు. అందులో కోపమున్నది, దుఃఖమున్నది. వాటితోపాటు జమాఖర్చు ఉన్నది. ప్రాకారమునకు, లక్ష్మణుని ముత్యాల పతకమునకు, సీతమ్మ చింతాకు పతకమునకు ఎంతెంత పట్టినదో వరుసగా అప్పగించును. ఈ సొగసులన్నియు ఎవరి సొమ్ముతో అని దేవునినే నిలదీయును. సర్కారు గోపన్నను అడిగిన ప్రశ్నయు అదియే గదా! తన్ను బాధించిన ప్రశ్ననే ఆయన దేవుని ముందు పెట్టినాడు. తిట్టినందుకు మరల తానే నొచ్చుకొన్నాడు.

జనులు చెప్పుకొను ముగింపు ఇంకను ఆలోచింపదగినది. రామలక్ష్మణులు వచ్చి చెర తలుపులు బ్రద్దలు కొట్టలేదు. తానీషా కడకు పోయి, బాకీ చెల్లించి, రసీదు పుచ్చుకొనిరట! అద్భుతమును నమ్మువారు సైతము అప్పు తీరనిదే విడుదల ఒప్పుకొనలేదు. ఇది మన జనుల న్యాయబుద్ధి.

నేడు ఊరికి బడి కట్టింతుమని చందా పోగుచేయువారు, కొడుకు పెద్ద చదువునకై పొలము కుదువపెట్టు తండ్రి, ఆలి నగలతో వ్యాపారము మొదలిడు యువకుడు, అందరును గోపన్న దారిలోని వారే. ఆశయము మనది; ఖర్చు తరచుగా ఇతరులది. అందుచేత ఆశయము మానుకొనవలెనని మేము చెప్పము. గోపన్న వెనుకాడియుండినచో ఆ రాతిగుడి లేచెడిది కాదు. ఎవరి సొమ్ము, ఎంత, ఏ పనికి అని అడిగినవారికి చెప్పుటకు సిద్ధముగా ఉండుట, అడుగకముందే చెప్పుట మన విధి.

శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వపక్షమున పట్టువస్త్రములు, ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము నేటికిని సాగుచున్నది. అది తానీషా నాటి మర్యాద అని ప్రతీతి. నాడు అనుమతి లేక వెచ్చమైన సర్కారు సొమ్మునకు గోపన్న పన్నెండేండ్లు చెరలో లెక్క చెప్పెను. నేడు అదే గుడికి సర్కారే తన చేతులతో కానుక తెచ్చుచున్నది.