అట్టడుగు వరుసలోని ప్రోటీను: పి63 కథ
(కర్నూలులో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూడామో ఆ ఆచార్యులు జీవితమంతా పాథాలజీ బోధించారు. చర్మం, నోరు, కన్ను, వీటి పైపొరలకు వచ్చే జబ్బులంటే వారికి ప్రత్యేకమైన పట్టు. అందుకే ఆ పొరలను కట్టే ప్రోటీను ఒకదాని చరిత్రను ఈ సాయంత్రానికి ఎంచుకున్నాను. దాని పేరు పి63.

మనది సున్నపురాయి సీమ. బేతంచెర్ల నాపరాళ్లు, కడప బండలు, యర్రగుంట్ల సిమెంటు, అన్నీ ఈ నేల ఇచ్చినవే. రాయిని కాల్చి నీళ్లు చల్లితే వచ్చే సున్నం గోడకూ చేరుతుంది, తమలపాకుకూ చేరుతుంది. వైద్యుడికి అది రెండు చోట్ల ఎదురుపడుతుంది. ఒకటి కన్ను. పిల్లలు ఆడుకుంటూ సున్నం ప్యాకెట్ నొక్కితే అది చింది కంట్లో పడి కార్నియా పైపొరను కాల్చేస్తుంది. రెండోది నోరు. పొగాకులో సున్నం కలిపి దవడకు పెట్టుకుంటే ఆ క్షారం వల్ల నికోటిను ఇట్టే రక్తంలోకి ఎక్కుతుంది, అలవాటు వదలదు. ఏళ్లు గడిచేసరికి బుగ్గ లోపల మానని పుండు పడుతుంది. కన్నులోనూ నోటిలోనూ దెబ్బ తినేది ఎపిథీలియం అనే పైపొరే. రెండు చోట్లా దాని అట్టడుగు వరుస కణాల్లో ఉండేది పి63.

ఇది జన్యువులను నడిపే ప్రోటీను. కణంలోని డీఎన్ఏ మీద కూర్చుని, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో నిర్ణయిస్తుంది. దీని అన్న పి53 1979లోనే బయటపడింది. మొదట్లో దాన్ని క్యాన్సరును పెంచే ప్రోటీనుగా తలిచారు. అది నిజానికి క్యాన్సరును ఆపే ప్రోటీనని తేలడానికి పదేళ్లు పట్టింది. 1997లో పి73, 1998లో పి63 వెలుగుచూశాయి. హార్వర్డ్‌లో ఆనీ యాంగ్, ఫ్రాంక్ మెకియాన్‌లు పి63 అన్న ప్రోటీనునే మరికొన్ని ప్రయోగశాలలు పి51, పి40, కెట్ అనే పేర్లతో పట్టుకున్నాయి.

పి53కి తోబుట్టువు కనుక ఇదీ క్యాన్సరుకు కాపలాదారే అయి ఉంటుందని అందరూ ఊహించారు. ఈ జన్యువు తీసేసిన ఎలుకల్లో గడ్డలు లేస్తాయని ఎదురుచూశారు. 1999లో యాంగ్, మెకియాన్‌ల బృందమూ, ఆలియా మిల్స్, అలన్ బ్రాడ్లీల బృందమూ ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించినప్పుడు ఆ ఊహ పూర్తిగా తలకిందులైంది. ఎలుక పిల్లలు ప్రాణంతోనే పుట్టాయి. కానీ వాటికి పొరలు పొరలుగా పేరుకోవలసిన చర్మం లేదు. వెంట్రుకలు, పళ్లు, పాలగ్రంథులు, లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు ఏవీ లేవు. ముందు కాళ్లు మొండిగా ఆగిపోయాయి, వెనక కాళ్లు అసలు మొలవనే లేదు. ఒంట్లో నీరు నిలవక, పుట్టిన కాసేపటికే చనిపోయాయి. ఒక్క ప్రోటీను లేకపోతే ఒంటికీ లోకానికీ మధ్య గోడే లేకుండా పోయింది. జీవశాస్త్రంలో ఇంత స్పష్టంగా మాట్లాడిన ప్రయోగాలు నాకు తెలిసి తక్కువ.

అదే ఏడు నెదర్లాండ్స్‌లో హాన్స్ వాన్ బోఖోవెన్ బృందం మనుషుల్లో దీని లోపాన్ని గుర్తించింది. అరచేయి నడుమ చీలి వేళ్లు తగ్గడం, గ్రహణం మొర్రి, పలుచని జుట్టు, సరిగా రాని పళ్లు కలిసి కనిపించే ఈఈసీ సిండ్రోముకు మూలం మూడో క్రోమోజోము మీద ఉన్న ఈ జన్యువులోని మార్పు అని తేల్చింది. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మొర్రి ఉన్న బిడ్డలందరిలో ఈ లోపం ఉండదు, చాలామందిలో కారణాలు వేరు. కానీ గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, కత్తి పట్టి కూర తరిగిందనో మన పల్లెల్లో తల్లిని నిందించే తీరు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఆ తల్లి ఏ తప్పూ చేయలేదు.

పి63లో ముఖ్యంగా రెండు రూపాలున్నాయి. పొడుగుది టీఏ రూపం. ఆడవారి అండకణాలకు దెబ్బ తగిలితే వాటిని తొలగించే పని దానిది. ముందుభాగం లేని పొట్టిది డెల్టా ఎన్ రూపం. చర్మం, నోరు, కార్నియా అడుగు వరుసలో నిండుగా ఉండేది ఇదే. ఎంత కరువొచ్చినా మన రైతు విత్తనపు కాయల మూట ముట్టడు. ఎపిథీలియంలో మూలకణాలు ఆ మూటలాంటివి, వాటిని నిలబెట్టేది ఈ పొట్టి రూపం. 2001లో ఇటలీలో గ్రాజియెల్లా పెల్లెగ్రీని, మికేలే డి లూకాలు పి63తోనే మూలకణాలను గుర్తుపట్టవచ్చని చూపారు. 2010లో వారి బృందమే, కంటి అంచున ఉండే లింబస్ కణాలను పెంచి అమర్చిన 112 మంది రోగుల ఫలితాలు ప్రచురించింది. పెంచిన కణాల్లో పి63 మెండుగా ఉన్నవి 3 శాతం దాటితే 78 శాతం మందికి కార్నియా బాగుపడింది. దాటకపోతే 11 శాతానికే. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ ఈ శతాబ్దం మొదట్లోనే లింబస్ కణాలను పెంచి అమర్చారు. 2012లో వీరేందర్ సంగ్వాన్, సయన్ బసు బృందం ఇంకా తేలికైన పద్ధతి ప్రచురించింది. మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న తునకలు చేసి, కాలిన కంటి మీద ఉమ్మనీటి సంచి పొరపై పరిచారు. కణాలు కంటి మీదే పెరిగాయి, ప్రయోగశాలతో పనిలేకుండా పోయింది. సున్నం పడి చూపు పోయిన పేద పిల్లవాడికి అందగల చికిత్స ఇది.

ఇక క్యాన్సరు సంగతి. 1982లో రాస్ జన్యువులో ఒక్క అక్షరం మారితే మామూలు కణం క్యాన్సరు కణమవుతుందని తేల్చిన వారిలో మన తెలుగువారు, ఉస్మానియాలో చదివిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉన్నారు. పి63 దారి అది కాదు. గడ్డల్లో ఈ జన్యువు అక్షరాలు చెడేది అరుదు. జన్యువు ప్రతులే పెరిగిపోతాయి. 2000లో జాన్స్ హాప్కిన్స్‌లో డేవిడ్ సిడ్రాన్స్కీ బృందం, పైపొర కణాల్లో పుట్టే స్క్వేమస్ క్యాన్సర్లలో ఈ పెరుగుదలను చూపింది. నోరు, గొంతు, ఊపిరితిత్తుల్లో వచ్చే స్క్వేమస్ గడ్డల్లో పొట్టి రూపం పేరుకుపోతుంది. 2006లో లీఫ్ ఎలిసెన్ బృందం కారణం పట్టుకుంది. కణాన్ని ఆత్మహత్యకు నడిపే పి73ని ఈ పొట్టి రూపం అదుపులో పెడుతుంది, అందువల్ల చావాల్సిన కణం చావదు. చర్మాన్ని కట్టిన చేతులే గడ్డనూ బతికిస్తున్నాయి. అలాగని దీన్ని దుష్ట ప్రోటీను అనడం అన్యాయం. మూత్రాశయ గడ్డల్లో ఈ పొట్టి రూపం తగ్గితేనే గడ్డ లోతుకు చొచ్చుకుపోతుంది.

అందుకే పాథాలజిస్టు దీన్ని రెండు విధాలుగా చదవాలి. ప్రొస్టేటు ముక్కలో గ్రంథి చుట్టూ పి63ని చూపే గోధుమరంగు పట్టే అడుగు వరుస లేకపోతే క్యాన్సరును అనుమానించాలి. ఊపిరితిత్తి ముక్కలో గడ్డ కణాలే ఆ రంగు పట్టాయంటే స్క్వేమస్ రకమని ఆలోచించాలి. పొట్టి రూపాన్ని మాత్రమే పట్టే పి40 యాంటీబాడీ వచ్చాక ఆ తీర్పు ఇంకా గట్టిపడింది. మందు ఎంపిక ఆ తీర్పును బట్టే ఉంటుంది. పెమెట్రెక్సెడ్ అనే మందు స్క్వేమస్ రకం మీద పనిచేయదు. ఈ రకానికి బెవాసిజుమాబ్ అనే మందు ఇస్తే ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. గాజుపలక మీది ఆ గోధుమరంగు చుక్కల మీద ఒక మనిషి బతుకు ఆధారపడి ఉంటుంది.

మరి పి63నే కొట్టే మందు? 2013లో ఎలిసెన్ బృందం ఎలుకల్లో ముదిరిన స్క్వేమస్ గడ్డ నుంచి ఈ జన్యువును తీసేస్తే గడ్డ వేగంగా కరిగిపోయింది. కానీ దీన్ని ఒళ్లంతా ఆపితే చర్మం, నోరు, కన్ను నిలవవు. అందుకని పరిశోధకులు దీని కింద పనిచేసే ఎఫ్‌జీఎఫ్ఆర్2 వంటి గ్రాహకాల మీద గురిపెట్టారు. ఆ మందులు మన జిల్లాల నోటి క్యాన్సరు రోగికి ఎప్పుడు చేరతాయో గానీ, ఈ లోపల మన చేతిలో ఉన్న పని ఒకటుంది.

విద్యార్థులకు చెబుతున్నాను. మూడు వారాలైనా మానని నోటి పుండు కనిపిస్తే పూత మందు రాసిచ్చి పంపకండి, ముక్క తీయించండి. దాన్ని పంపేటప్పుడు ఫారం మీద ‘నోటి పుండు’ అని మాత్రం రాసి వదలకండి. ఏ బుగ్గ, ఏ మూల, పుండు అంచు నుంచా నడుమ నుంచా, రోగి సున్నం కలిపిన పొగాకు ఎన్నేళ్లుగా ఏ పక్కన పెట్టుకుంటున్నాడు, ఇవన్నీ అడిగి రాయండి. రంగు వేసేవాళ్లకు అవి కావాలి.