చేతిఫోనుపై ముదరా – నెలచందాపై భారము



“కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ” యని మనలో నొక సామెత కలదు. కొనువాని యాశను చూచి నవ్వుటకై పుట్టిన సామెత యిది. కాని యీ కాలమున కొసరును అమ్మువాడే పిలిచి యిచ్చుచున్నాడు. “మా కంపెనీ చందాలో చేరుడు, స్మార్టుఫోనును సగము వెలకే యిచ్చెదము” అని యొకడును, “ఇప్పుడు కొంచెము చెల్లింపుడు, మిగిలినది నెలనెల వాయిదాల మీద” అని మఱియొకడును ప్రకటించుచున్నారు. గుమ్మడికాయను అంత సులువుగా నిచ్చువాడు వంకాయ వెలను ఎంత నిర్ణయించెనో విచారించుటయే యీ నాటి నా ప్రసంగవిషయము.

ఫోను నేడు విలాసవస్తువు కాదు. పింఛను సొమ్ము పడిన వార్తయు, మార్కెటులో మిర్చి ధరయు, దూరదేశముననున్న బిడ్డ ముఖమును దానియందే కనబడుచున్నవి. కావున “ఫోను కొనవలదు” అని నేను చెప్పబోను. కొనునప్పుడు లెక్క చూచి కొనుడని మాత్రమే నా మనవి.

మొదట నీ బేరముయొక్క స్వరూపమును గ్రహింపవలెను. ఫోను కంపెనీకి స్తంభములు నాటుట, తరంగములను ప్రభుత్వమునుండి కొనుట మొదలైన ఖర్చులు ముందే జరిగిపోవును. ఆ పిమ్మట దానికి కావలసినది నిలకడగా చందా చెల్లించు మనుష్యుడు. ఎరువునకు అప్పిచ్చి, పంటను తనకే తూచవలెనని షరతు పెట్టు వ్యాపారిని మీరెఱుగుదురు. ఎరువుపై వాడు చూపిన దయ పంట ధరలో తీరిపోవును. ఫోనుపై ముదరాయు నట్టిదే. అది దానమును గాదు, మోసమును గాదు. ముందుగా నిచ్చి వెనుక రాబట్టుకొను వ్యాపారము. రాబట్టుకొను మొత్తమెంత యనునదే ప్రశ్న.

దీనికి లోకమునందు ప్రసిద్ధమైన దృష్టాంతము అమెరికాలో జరిగినది. 2007వ సంవత్సరము జూను నెలలో ఆపిల్ కంపెనీ వారు ఐఫోను అను యంత్రమును వెలువరించిరి. ఆ దేశమున ఏ.టి. అండ్ టి. యను ఫోను కంపెనీ చందాతోనే దానిని అమ్మిరి. కొలది నెలలకే దాని వెల 399 డాలర్లకు తగ్గినది. 2008 జూలైలో రెండవ తరము ఫోను 199 డాలర్లకే వచ్చినది. 200 డాలర్లు తగ్గెనని జనులు అంగళ్ల ముందు బారులు తీరిరి. అయితే చందాలోని డేటా భాగము నెలకు 20 డాలర్లనుండి 30 డాలర్లకు పెరిగినది. ఒప్పందము రెండు సంవత్సరములది. నెలకు 10 డాలర్ల చొప్పున 24 నెలలకు 240 డాలర్లు. తగ్గినది 200, పెరిగినది 240. అంతకుముందు చందాలోనే కలిసియున్న సందేశములకు సైతము వేఱుగా రుసుము చెల్లింపవలసి వచ్చెను. క్రొత్త ఫోను వేగము హెచ్చనుట నిజమే. దానికి వెల యుండుటయు న్యాయమే. కాని “సగము వెలకు వచ్చినది” అని సంతసించిన వారిలో ఈ కూడికను వేసి చూచినవారు కొందఱే.

ఇక మన దేశమునకు వత్తము. 2003వ సంవత్సరమున రిలయన్సు వారు 501 రూపాయలు ముందుగా చెల్లించినచో ఫోను చేతికిచ్చు పథకమును పెట్టిరి. అంతవఱకు ఫోనును చూచియెఱుగని యిండ్లలోనికి అది ప్రవేశించినది. 501 రూపాయలను అందఱును జ్ఞాపకముంచుకొనిరి. వెనుక రావలసిన నెలవారీ బాకీలను చాలమంది మఱచిరి. మొదటి అంకె మాత్రమే చెవికి సోకుట మనుష్యస్వభావము.

2017లో జియో కంపెనీవారు జియోఫోనును ప్రకటించిరి. 1,500 రూపాయలు ధరావతు. మూడేండ్ల పిమ్మట ఫోనును తిరిగి యిచ్చినచో ఆ సొమ్ము వాపసు. కావున ఫోను ఉచితమే యని ప్రచారము జరిగినది. షరతులను చూచినచో ఏటేట 1,500 రూపాయలకు తక్కువ కాకుండ రీచార్జి చేయవలెను. గడువునకు ముందే తిరిగి యిచ్చువారికి ధరావతు పూర్తిగా రాదు. అనగా మూడేండ్లలో 4,500 రూపాయల చందాకు మనుష్యుడు కట్టుబడినాడు. ధరావతును నూటికి ఏడాదికి ఆఱు వంతున ఎక్కడనైన నుంచినచో వచ్చియుండెడి 270 రూపాయల వడ్డీయు పోయినది. తుదకు సొమ్ము కావలెనన్న ఫోనును వదలుకొనవలెను. ఆ చందా ఎటులైనను కట్టెడివారికి ఈ బేరము మేలే చేసినది; అనేకులకు అదియే మొదటి అంతర్జాల పరిచయము. నెలకు నాలుగు మాటలు మాత్రమే మాటలాడు ముసలివానికి మాత్రము అది ఉచితము కాదు.

2021వ సంవత్సరమున వచ్చిన జియోఫోను నెక్స్టు లెక్కను కాగితముపై వేసి చూతము. పలకయు బలపమును దగ్గఱ నున్నవారు నాతో కలిసి కూడుడు. ఒక్కసారిగా చెల్లించువారికి వెల 6,499 రూపాయలు. వాయిదాల వారికి ముందుగా 1,999, కాగితముల ఖర్చని 501. పిమ్మట నెలకు 300 చొప్పున 24 నెలలు, లేక 350 చొప్పున 18 నెలలు. ఈ వాయిదాలోనే నెలకు 5 జీబీ డేటాయు, 100 నిమిషముల మాటయు కలిసియున్నవి.

మొదటి మార్గమున 1,999యు, 501యు, 24 మూడువందలైన 7,200యు కలిసి 9,700 రూపాయలు. దానినుండి ఫోను వెల 6,499 తీసివేయగా 3,201 మిగులును. 24 నెలలకు పంచినచో నెలకు సుమారు 133 రూపాయలు. రెండవ మార్గమున మొత్తము 8,800. ఫోను వెల పోగా 2,301. నెలకు సుమారు 128. చూచితిరా! 300 అన్నది 350 కన్న చిన్న అంకె. కాని నెల లెక్కకు వచ్చుసరికి 350 వారి భారమే తక్కువ. గడువు సాగినకొలది వడ్డీ సాగును. నాముకు తెచ్చిన ధాన్యము లెక్క తెలిసిన మీకు ఇది క్రొత్త పాఠము కాదు.

ఈ 133 రూపాయలలో అప్పుపై వడ్డీయు, ఫోను సేవయు రెండును ఇమిడియున్నవి. చేతిలో ఆఱువేలు లేక, నెలకు 5 జీబీతో సరిపెట్టుకొను వానికి ఈ బేరము అన్యాయమని చెప్పజాలము. కాని 100 నిమిషములనగా దినమునకు మూడు నిమిషములకు కొంచెము పైన. పట్నముననున్న కూతురితో నొక పూట కష్టసుఖములు ముచ్చటించినచో నాలుగు దినముల వాటా ఖర్చగును. అపుడు పై మెట్టు పథకమునకు ఎక్కవలెను. దినమునకు 1.5 జీబీయు, మితిలేని మాటలును గల పథకము 24 నెలలకు నెలకు 450 వంతున నుండెను. మొత్తము 13,300. ఫోను వెల పోగా నెలకు సుమారు 283 రూపాయలు. ఏనుగును కొన్నవాడు మేతను గూడ లెక్కింపవలెనన్న మాట ఇక్కడ సరిపడును.

ఇట్టి బేరములలో కంటికి తగులని అంశములు మఱికొన్ని కలవు.

మొదటిది 28 దినముల నెల. అనేక పథకములు 28 దినములకే ముగియును. సంవత్సరమునకు పండ్రెండుమారులు కాక పదుమూడుమారులు కట్టవలసి వచ్చును. 300 రూపాయల పథకమునకు ఏటికి 3,600 కాదు, 3,900. మన పంచాంగమున అధికమాసము రెండు మూడేండ్లకొకసారి గాని రాదు. కంపెనీల పంచాంగమున ప్రతియేట వచ్చును. ఈ విషయమున ఫిర్యాదులు వచ్చుటచేత ట్రాయి యను ప్రభుత్వ సంస్థవారు 30 దినముల పథకమొకటియైనను ఉంచవలెనని 2022లో కంపెనీలను ఆదేశించిరి. అడిగినగాని దుకాణమువాడు దానిని చెప్పడు.

రెండవది పన్ను. నెలాఖరున బిల్లు వచ్చు పోస్టుపెయిడు పథకములలో ప్రకటించిన అంకెపై నూటికి 18 వంతున జి.ఎస్.టి. వేఱుగా పడును. 500 అన్నది 590 అగును. ముందే కట్టు రీచార్జిలో పన్ను కలిసియే యుండును. రెంటిని సరిపోల్చునపుడు దీనిని మఱవరాదు.

మూడవది “సున్నవడ్డీ” యను మాట. అప్పిచ్చువాడు వడ్డీ విడిచిపెట్టునా? ఆ వడ్డీని ఫోను వెలలోనో, కాగితముల ఖర్చులోనో, రావలసిన ముదరాను తగ్గించుటలోనో చేర్చును. సున్నవడ్డీ యనునది వాస్తవమున లేదనియే రిజర్వు బ్యాంకువారు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు తెలిపిరి. కావున దుకాణమున “రొక్కమిచ్చినచో ఎంతకిత్తువు?” అని మొదట అడుగుడు. ఆ వెలకును వాయిదాల మొత్తమునకును గల భేదమే వడ్డీ.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. వాయిదా ఫోను కేవలము చందా కాదు; అది మీ పేర పుట్టిన అప్పు. నా యెఱిగిన యొక రైతు తన మేనల్లునకు వాయిదాలమీద ఫోను ఇప్పించెను. ఆధారుకార్డు తనది, వ్రేలిముద్ర తనది, ఫోనునకు వచ్చిన రహస్యసంఖ్యను చదివి చెప్పినవాడును తానే. పిల్లవాడు నాలుగు వాయిదాలు కట్టి, ఫోను పగులగానే మానివేసెను. పగిలిన ఫోనుకు బాకీ యేమని యతని వాదన. మఱుసటి యేడు ఆ రైతు పంట అప్పునకై బ్యాంకునకు పోగా, అచటి యుద్యోగి పాత బాకీని సిబిల్ పత్రమున చూపెను. నాలుగెకరముల పొలము, ముప్పదియేండ్ల మాట నిలుకడ గల మనుష్యుడు కొన్ని వేల రూపాయల కొఱకు ఆ బల్లముందు తలవంచుకొని నిలుచుండెను. విత్తనము వేయు అదను దాటుచుండగా బయట హెచ్చువడ్డీకి తెచ్చుకొనెను. బాకీ తీర్చిన పిమ్మటను ఆ పత్రము శుభ్రపడుటకు నెలలు పట్టినది. ఫోను పోయినను, పగిలినను, దొంగల పాలైనను అప్పు పోదు. సాధారణముగ ఫోనునకు పూచీ ఒక సంవత్సరమే. వాయిదాలు రెండు సంవత్సరములు. ఆ రెండవయేట యంత్రము చెడినచో మరమ్మతు ఖర్చును, వాయిదాయు రెండును మీవే.

అయిదవది బయటపడు దారి. 2011 జనవరినుండి మన దేశమంతటను నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు ప్రజలకు కలదు. ఊరిలో నొక కంపెనీ తరంగము అందకున్న మఱియొకదానికి పోవచ్చును. పోస్టుపెయిడు బాకీ యున్నచో మాత్రము ఆ హక్కు సాగదు. గడువు గల ఒప్పందములో చేరినచో మధ్యలో వెడలుటకు అపరాధము చెల్లింపవలసి రావచ్చును. కొన్ని ఫోనులు ఇచ్చిన కంపెనీ సిమ్ము తప్ప మఱియొకటి స్వీకరింపవు. కావున చేరుటకు ముందు మీ ఇంటి నడవలోను, పొలముగట్టున ఆ కంపెనీ సంకేతము నిలుచునో లేదో పొరుగువాని ఫోనుతో పరీక్షించి చూడుడు.

ఇక ఈ బేరము ఎవరికి తగును? చేతిలో రొక్కము లేక, ఫోను వెంటనే అవసరమై, ఆ పథకములోని మాటలను, డేటాను నిజముగా వాడుకొనువారికి, నెలనెల వచ్చుబడి గలవారికి తగును. పంట మీద ఏటికొకసారి సొమ్ము చూచు కుటుంబమునకు నెలవాయిదా ఇబ్బందియే. అట్టివారు పంట చేతికి వచ్చినపుడు సాధారణమైన ఫోనును రొక్కమునకు కొని, అవసరమునకు తగిన రీచార్జి వేసికొనుట మేలు. ఇంట నున్న పాత ఫోను పనిచేయుచున్నచో కొసరు కొఱకు క్రొత్తది కొనుట అసలే వలదు.

దుకాణమున అడుగవలసిన ప్రశ్నలు నాలుగే. రొక్కమునకు వెలయెంత? మొదటి దినమునుండి చివరి దినమువఱకు నా చేతినుండి పోవు మొత్తమెంత? ఫోను లేకుండ ఇదే చందా ఎంత? మధ్యలో మానినచో ఏమగును? నాలుగింటికిని కాగితముపై జవాబు వ్రాయించి దుకాణము ముద్ర వేయింపుడు. వ్రాయుటకు వెనుకాడువాని యొద్ద వ్రేలిముద్ర వేయకుడు. ఎవరి కొఱకైనను రహస్యసంఖ్య చెప్పకుడు. అన్యాయము జరిగినచో మొదట కంపెనీకి ఫిర్యాదు చేసి దాని సంఖ్యను వ్రాసి యుంచుకొనుడు. 1915 అను నంబరునకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమువారు దారి చెప్పుదురు.

ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, నాగటికి కట్టి చూచిన తరువాతనే బయానా ఇచ్చు పెద్దలు మీరు. మనుమడు ఫోను ప్రకటనను చూపి తొందరపెట్టినపుడు ఆ యలవాటును విడువకుడు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, 24 నెలల వాయిదాలను వానిచేతనే కూడింపుడు. ఆ కూడిక తెలిసిన పిల్లవాడు రేపు మీ పొలము లెక్కయు చూచుకొనగలడు.