పిల్లల ముఖములకు రంగులు దిద్దుట

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున బాలల విభాగమున చేయబడిన ప్రసంగ పాఠము)



ప్రసంగ విషయమును వినినంతనే కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వియుందురు. ఇరువదియైదేండ్ల పండుగనాడు కవిత్వమును గూర్చి గాని, వయోజన విద్యను గూర్చి గాని మాటలాడక, పిల్లల మొగములకు రంగులు పూయుటను గూర్చి ప్రసంగమా యని వారికి తోచుట సహజమే. కాని ఏటేట నవంబరు 14న బాలల దినోత్సవముతో ఆరంభమై 20వ తేదీ వరకు సాగు గ్రంథాలయ వారోత్సవములలో, పిల్లలను మొట్టమొదట గుమ్మము దాటించునది పుస్తకము కాదు, రంగుగిన్నె. చెంపపై సీతాకోకచిలుకను దిద్దించుకొనుటకు వచ్చిన పిల్లయే తరువాత బొమ్మల పుస్తకము నడుగును. కృష్ణాష్టమికి గోపబాలురు, పాఠశాల వార్షికోత్సవమునకు పులులు, హనుమంతులు, బతుకమ్మనాడు చిట్టి గౌరమ్మలు ఏ ఊరనైనను తయారగుచునే యుందురు. ఈ పనికి పూనుకొను అక్కలకు, ఉపాధ్యాయులకు, యువకులకు కుంచె పట్టుట చక్కగా వచ్చును. గిన్నెలో నున్న దేమో మాత్రము పలువురికి తెలియదు. తెలియవలసినది ముందుగా అదియే.

ముఖమునకు వన్నె దిద్దుట ఈ సీమకు కొత్త విద్య కాదు. రాత్రి తెల్లవార్లు చిందు భాగవతము నాడిన కళాకారులు ఈ జిల్లా పల్లెలలోనే పుట్టి పెరిగిరి. ఆ విద్యకు పేరు తెచ్చి 2005లో కీర్తిశేషురాలైన చిందు ఎల్లమ్మ నిజామాబాదు జిల్లా బిడ్డయే. 2024లో పద్మశ్రీ పొందిన గడ్డం సమ్మయ్య జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు. ఇట్టి నాటకములలో వేషమునకు బంగారు పసుపు నిచ్చిన పాత ద్రవ్యము అర్దళము. నిఘంటువులలో దానిని అరిదళమనియు, హరితాళమనియు వ్రాసిరి. పేరు వినుట కింపుగా నున్నను అది పాషాణము, అనగా ఆర్సెనిక్కు, గంధకముతో గూడిన ఖనిజము. ఎరుపునకు వాడిన ఇంగిలీకములో పాదరసము కలదు. తెల్లని సఫేదా యను పేరుతో అంగళ్ళలో అమ్మిన దానిలో జింకు తెలుపు ఉండెడిది, సీసపు తెలుపును ఉండెడిది. రెండింటిని కంటితో చూచి వేరుచేయుట దుర్లభము. ఆనాటి కళాకారులు కళ కొరకు, కడుపు కొరకు ఆ రంగులను తమ చర్మముపై మోసిరి. వారికి జోహారులు. ఆ రంగుపెట్టెను మాత్రము పిల్లలకు వారసత్వముగా నీయరాదు.

పెద్దలకును పిల్లలకును ఇచ్చట భేదమేమి? పిల్ల పెదవులు నాకుకొనును, చేతితో చెంప రుద్దుకొని ఆ చేతితోనే జామపండు తినును. శరీరము చిన్నది గనుక కొద్దిపాటి విషము కూడ ఎక్కువగా పనిచేయును. సీసము ఎదిగెడి మెదడును చెరచును. దానికి హానిలేని మోతాదు ఇంతయని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగా చెప్పినది. వన్నె కొరకు సీసపు, ఆర్సెనిక్కు సమ్మేళనములు కలిపి సౌందర్య సామగ్రిని తయారుచేయుట మనదేశమున చట్టవిరుద్ధము. కాని పూజాసామగ్రి యమ్ము దుకాణమున పొట్లములో దొరకు సిందూరము ముఖమునకు పూయుటకని తయారైనది కాదు. పాత పద్ధతి సిందూరము సీసపు భస్మమే. రాతి విగ్రహమునకు పూసిన దానిని, హనుమంతుని వేషము కట్టిన అయిదేండ్ల పసివాని మూతికి పూయుట అన్నిటికంటె తరచుగా జరుగు పొరపాటు. పూయువారి భక్తిలో లోపము లేదు, లోపము పొట్లములో నున్నది.

"అయితే చింత యేల? ఆర్మూరులో పసుపునకు కొదువా?" యని వెంటనే ఒక ప్రశ్న వచ్చును. ప్రశ్న న్యాయమైనదే. చుట్టుపట్ల ఏ ఊరికి పోయినను ఉడికిన పసుపు వాసన తెలియనివారు లేరు. 2025లో జాతీయ పసుపు మండలి నిజామాబాదున నెలకొన్నది. పసుపు పిల్లల చర్మమునకు సాధారణముగా మిత్రమే. అయినను ఏ పసుపు అన్నది అడుగక తప్పదు.

కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుగు పెట్టుదురని ఇచ్చటి రైతుకు చెప్పనక్కరలేదు. ఆ మెరుగు దగ్గరనే కొన్ని దేశములలో మోసము జొరబడినది. బంగ్లాదేశమున 1980 దశకపు వరదలలో పసుపు తడిసి వన్నె తగ్గగా, మెరుపు కొరకు కొందరు వ్యాపారులు లెడ్ క్రోమేట్ అను పచ్చని రంగును కలుప నారంభించిరి. అది సీసము, క్రోమియము కలిసిన కార్ఖానా రంగు. 2019లో అచ్చటి బజారు నమూనాలలో 47 శాతమునందు సీసము కనబడినది. ప్రభుత్వము దండించి, ప్రజలకు బోధింపగా 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు దొరకలేదు. రెండేండ్లలో అంత మార్పు! 2024లో వెలువడిన మరియొక పరిశోధనలో భారతదేశపు పాట్నా, గువాహటి బజారుల పసుపులోను సీసము కనబడినట్లు తేలినది. ఆర్మూరు రైతు పసుపునకు దీనివలన మచ్చ లేదు. కాని పొడిగా మారి, చేతులు మారి, పొట్లములో తిరిగివచ్చిన పసుపు ఏ ఊరిదో పొట్లము చెప్పదు. కావున పిల్లల ముఖమునకు వాడదలచినవారు మెరుగుపెట్టని కొమ్ములను తెలిసిన రైతు ఇంటినుండి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించుకొనవలెను. పరీక్ష యంత్రములు లేని ఊళ్ళకు ఇంతకంటె నమ్మకమైన ఉపాయము లేదు. మిక్కిలి ముదురుగా, కన్ను చెదరునట్లు పచ్చగానున్న పొడిని చూచి మురియక అనుమానింపుడు.

పసుపు గుణము మరియొకటి కలదు. క్షారము తగిలిన అది ఎర్రబారును. సున్నము కలిపిన పసుపే పారాణి యగుట ఆ గుణము వలననే. పారాణి పాదములకు శోభ, పిల్లల చెంపలకు కాదు. సున్నము కంటిలో పడిన కాలును. ఇంటికి పోయి సబ్బుతో కడుగగా పిల్ల మొగము ఎర్రబడుటను చూచి దద్దురు లేచెనని బెదరిన తల్లు లుందురు. అది దద్దురు కాదు, సబ్బులోని క్షారమునకు పసుపు మారిన రంగు. ఈ మాట ముందే చెప్పి పంపిన రాత్రి వైద్యుని లేపు పని తప్పును. మిగిలిన పచ్చదనము ఒకటి రెండు దినములు నిలిచి, ఎండకు తానే వెలిసిపోవును.

వాడరాని తక్కిన వస్తువులను గూర్చి విస్తరింప నక్కరలేదు. ముగ్గుపిండి రాతిపొడి, గీరుకొనును. బట్టల నీలి బట్టలకే. బజారు సుర్మాలో సీసపు గంధకితము ఉండవచ్చును. హోలీ పొట్లములు, చమ్కీలు, స్కెచ్ పెన్నులు వద్దు. బడి రంగుల డబ్బాపై "విషరహితము" అని యున్నను మోసపోరాదు. ఆ మాట పొరపాటున నోటిలో పెట్టుకొన్న పిల్లను గూర్చి వ్రాసినది, గంటలకొలది చర్మముపై నుంచుటను గూర్చి కాదు. కేరళ దేశపు త్రిశ్శూరులో ఓణమునాటి పులికళికి దేహమంతట రంగులు పూసి, కడుగుటకు కిరోసిను వాడుదురు. కండలు తిరిగిన మగవారికే అది శిక్ష. పిల్లపులికి అట్టిది తలపెట్టరాదు.

ఇక వాడదగినవి. వస్త్రగాలితము చేసిన బియ్యపుపిండి ఒక చెంచా, పసుపు పావు చెంచా, తగినంత కొబ్బరినూనె కలిపి నూరిన పులికి కావలసిన పచ్చదనము వచ్చును. ఏనాటి దానా డే నూరవలెను, తడిపిండి మరునాటికి బూజు పట్టును. సానపై తీసిన గంధము లేత వన్నెకు మేలు. ఆముదపు దీపపు మసిని నేతితో రంగరించిన ఇంటి కాటుకతో మీసములు, పులిచారలు చక్కగా దిద్దవచ్చును. మోదుగుపూల కషాయము లేత నారింజ, బీటుదుంప రసము లేత గులాబి నిచ్చును. ఇవి వెలవెలబోవునని చిన్నబుచ్చుకొనరాదు. ఆకుపచ్చ, నీలి వన్నెలు కావలసిన, ముఖమునకని తయారైన నీటిరంగులను కొనుటయే దారి. తయారీదారుని చిరునామా, లైసెన్సు సంఖ్య, కూర్పు, గడువు తేదీ ముద్రింపని డబ్బా ఎంత చవుకయైనను కొనరాదు.

నీలి వన్నె మాట వచ్చినది గనుక ఒక మాట. కృష్ణుని వేషమునకు తెల్లని పిల్లవానిని ఏరి వానికి నీలము పూయుట, నల్లని పిల్లవానికి రాక్షస వేషము కట్టుట పలుచోట్ల ఆచారమైనది. కృష్ణుడనగా నల్లనివాడనియే గదా అర్థము! ఆ నల్లని బాలునికి నెమలిపింఛము పెట్టి, నుదుట గంధము దిద్దిన చాలును. నీలిరంగు డబ్బా ఖర్చును తప్పును.

పని నడపుటలో మొదటి నియమము పిల్ల నడుగుట. తల్లి సరేనన్నంత మాత్రమున చాలదు. పిల్ల తల యడ్డముగా తిప్పిన కుంచె దింపవలెను. చేతి వెనుక చిన్న పువ్వు వేయుదునా యని యడిగిన చాలమంది సిగ్గరులు ఒప్పుకొందురు. మూడేండ్ల లోపు శిశువుల ముఖము జోలికి పోనేరాదు. ముందురోజు మోచేతి మడతలో కొంచెము పూసి చూచుట ఉత్తమము. వీలులేనిచో అరగంట ముందైనను చూడవలెను. పుండు, గజ్జి, కండ్లకలక, జలుబు ఉన్నవారిని నొచ్చుకొనకుండ మరియొక ఆటకు పంపవలెను. ఒకరి ముఖము తుడిచిన గుడ్డ వేరొకరికి తగలరాదు. పిల్లకొక శుభ్రమైన గుడ్డముక్క, తరచు మార్చెడి నీరు, గోళ్ళు తీసిన చేతులు ఉన్న సగము పని యైనట్లే.

పిల్లను ఎత్తుపీటపై, వెలుతురుకు ఎదురుగా గూర్చుండబెట్టి, దిద్దువారి కన్ను పిల్ల కంటితో సమమగునట్లు చూచుకొనవలెను. చిటికెనవ్రేలిని చెంపపై మెల్లగా ఆనించిన చేయి వణకదు. లేతరంగు ముందు, అది ఆరిన పిదప ముదురు రంగు. పలుచగా వేసిన నిలుచును, మందముగా వేసిన నవ్వగానే పగులును. కనురెప్పల అంచులు, పెదవులు విడిచిపెట్టవలెను. అంతయు నైన తరువాత అద్దము చూపుట మరువరాదు. కొందరు తమ పులిమొగమును చూచి తామే జడిసి యేడ్తురు. వారి యెదుటనే ఒక చార తుడిచి చూపిన ఊరట కలుగును.

లెక్క కూడ ముందే వేసికొనవలెను. చెంపపై ఒక బొమ్మకు నాలుగు నిమిషములు పట్టిన, రెండు గంటలలో ఒక్కరు ముప్పదిమందికి వేయగలరు. ముఖమంతయు దిద్దుటకు పది నిమిషములైన పన్నెండుగురికే. వరుసలో అరువదిమంది నిలిచినప్పుడు పులులను ఒప్పుకొనుట అన్యాయము. తంగేడుపువ్వు, చేప, చందమామ, పిల్లిమీసములు, ఈ నాలుగింటిని అట్టపై గీసి గోడకు తగిలించిన పిల్లలు ఎంచుకొని సిద్ధముగా వత్తురు. సంఖ్య నిండగానే చివరి పిల్ల చేతికి చీటీ యిచ్చి, ఆమె వెనుక ఎవరును నిలువకుండ మృదువుగా చెప్పవలెను. గంటసేపు నిలిచి ఉత్తచేతులతో పోయిన పిల్ల మరల గ్రంథాలయపు మెట్లెక్కుట కష్టము.

రంగు తీయుటకు ముందుగా కొబ్బరినూనె రాచి, మెత్తని గుడ్డతో అద్ది, పిదప శనగపిండితో గాని తేలికసబ్బుతో గాని గోరువెచ్చని నీట కడుగవలెను. రుద్దరాదు. కంటిలో రంగు పడిన ధారగా మంచినీటితో కడిగి, మంట తగ్గనిచో జాగు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. వాడిన రంగుల పేర్లు వ్రాసిన కాగితమొకటి నిర్వాహకుల యొద్ద నుండిన, అచ్చట వైద్యు డడుగు మొదటి ప్రశ్నకు జవాబు దొరకును. ఆ కాగితమును గ్రంథాలయపు హాజరుపట్టికతో పాటు భద్రపరచవచ్చును.