తెరుచుకోని బ్యాకప్: మన సంఘాల లెక్కలు కాపాడుకోవడం ఎలా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోలాపూర్, భివండి, బెంగళూరు, కాంచీపురం, సేలం, బరంపురం, యానాం... మనం ఎక్కడ స్థిరపడినా లెక్కలు ఇప్పుడు చిట్టా పుస్తకాల నుంచి కంప్యూటర్లోకి వస్తున్నాయి. సభ్యుల జాబితా, పొదుపు, అప్పు కంతులు, ఇచ్చిన నూలు, కట్టిన మజూరీ, పిల్లల స్కాలర్‌షిప్పులు అన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. దానికి నకలు తీసి పెన్‌డ్రైవ్‌లో పెడతాం. అదే బ్యాకప్. ఇక భయం లేదనుకుంటాం.

ఒక రోజు కంప్యూటర్ చెడిపోయింది అనుకోండి. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే బ్యాకప్ తెరుచుకోలేదు. ఇరవై ఏళ్లు నెలనెలా పొదుపు కట్టిన ఒక పెద్దమ్మ వచ్చి, "నాయనా, నా డబ్బు ఎంతుంది?" అని అడిగితే ఏం చెబుతాం? ఈ రోజు నేను మాట్లాడేది ఆ రోజు గురించే.

మొదటి మాట: తెరుచుకోనంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. పడుగులో పోగు తెగితే మగ్గం మొత్తం విప్పెయ్యం కదా. ఎక్కడ తెగిందో వెదికి అతుకుతాం. ఇక్కడా అంతే.

రెండో మాట: అసలు ఫైలును ముట్టుకోవద్దు. దాన్ని వేరే డిస్కు మీదికి రెండు నకళ్లు తీసి, ఏ ప్రయత్నమైనా నకలు మీదే చెయ్యండి. చెడిపోయిన డిస్కులోనే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించొద్దు. అది వెళ్లి పాత డేటా ఉన్న చోటే కూర్చోవచ్చు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తుంటే వెంటనే కరెంటు ఆపి, తెలిసినవాళ్లకు అప్పగించండి.

ఇక ఎందుకు తెరుచుకోదు? ఎక్కువగా కనబడే కారణాలు ఇవి.

ఒకటి, ఫైలు పూర్తిగా రాలేదు. నకలు అవుతుండగానే పెన్‌డ్రైవ్ లాగేసి ఉంటారు. పోయిన నెల ఫైలు సైజుతో పోల్చండి. బాగా తక్కువ ఉన్నా, సున్నా ఉన్నా విషయం తెలిసిపోతుంది. అప్పుడు ఆ ఫైలుతో కుస్తీ పట్టకుండా అంతకు ముందు నెలది వెదకండి.

రెండు, వెర్షన్ తేడా. కొన్ని సంఘాల సాఫ్ట్‌వేర్లు ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద నడుస్తాయి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ఫైలు చెడిపోయిందని చాలామంది కంగారు పడేది ఇక్కడే. 'రీస్టోర్ హెడర్ ఓన్లీ' అనే ఆదేశం ఇస్తే అది ఏ వెర్షన్‌దో చెబుతుంది. ఆ వెర్షన్‌ గానీ, అంతకంటే కొత్తది గానీ ఎక్కించి తెరవండి. చిన్న సంఘాలకు ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ చాలు.

మూడు, పేరు ఒకటి, లోపల ఇంకొకటి. ఫైలు పేరు చివర 'బ్యాక్' అని ఉన్నా లోపల జిప్ ఫైలు ఉండవచ్చు. నకలును నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి, సేవ్ మాత్రం చెయ్యొద్దు. ఇంగ్లీషులో 'టేప్' అనో 'ఎంఎస్ ఎస్‌క్యూఎల్ బ్యాక్' అనో ఉంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌ది. 'పీకే' అని ఉంటే జిప్. 'ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3' అని ఉంటే అది వేరే డేటాబేస్. ఏదో తెలిస్తే సరైన తాళం చెవి దొరికినట్టే.

నాలుగు, లోపల కొంత భాగం చెడింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'కంటిన్యూ ఆఫ్టర్ ఎర్రర్' అనే పద్ధతి ఉంది. చెడిన చోట ఆగిపోకుండా వచ్చినంత తెస్తుంది. వచ్చినదాన్ని గుడ్డిగా నమ్మకుండా, పాస్‌బుక్కులతో సరిచూడాలి. మైఎస్‌క్యూఎల్ బ్యాకప్ అయితే చాలాసార్లు మామూలు అక్షరాల ఫైలే. చెడిన చోటు వదిలి మంచి భాగాలు విడిగా తీసుకోవచ్చు.

ఐదు, ఇది ముఖ్యంగా మనలాంటి వాళ్లది. బ్యాకప్ తెరుచుకుంటుంది, అంకెలు బాగానే ఉంటాయి, తెలుగు పేర్లు మాత్రం పిచ్చి అక్షరాలుగా కనబడతాయి. యూనికోడ్ రాక ముందు ఫాంట్లతో టైపు చేసినవైతే, ఆ ఫాంట్ పెట్టినా, మార్పిడి సాఫ్ట్‌వేర్ వాడినా పేర్లు తిరిగి వస్తాయి. కానీ పేర్ల చోట వరసగా ప్రశ్నార్థకాలు ఉంటే, దాచేటప్పుడే అక్షరాలు పోయి ఉండవచ్చు. అప్పుడు కాగితం రిజిస్టరే దిక్కు. అందుకే పాత రిజిస్టర్లు తూకానికి అమ్మొద్దు.

ఒక హెచ్చరిక. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టి దాని కీ పోగొట్టుకుంటే, "మేం తెరుస్తాం" అన్నవాళ్ల మాట నమ్మి డబ్బు కట్టొద్దు. బయటివాళ్లకు ఫైలు ఇచ్చేటప్పుడు అందులో సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయని గుర్తుంచుకోండి. రసీదు రాయించుకోండి, పని అయ్యాక నకలు తీసెయ్యమనండి.

మనం చిన్నవాళ్లం, మనకే ఇలా జరుగుతుందని అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు డేటాబేస్ తుడిచేశాడు. రోజూ తీయాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల తయారే కావడం లేదని అప్పుడే తెలిసింది. తప్పు జరుగుతోందని హెచ్చరించే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అంతకు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి బయటపడ్డారు.

ఇందులోంచి మనం నేర్చుకోవాల్సింది ఒక్కటే. తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు. చీర మడత విప్పి చూడకుండా కొనం కదా!

కాబట్టి ప్రతి సంఘం ఈ ఏడాది నాలుగు పనులు చెయ్యాలని కోరుతున్నాను. మూడు నెలలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్లో తెరిచి, పదిమంది సభ్యుల నిల్వలు పాస్‌బుక్కులతో సరిచూడండి. మొత్తం మూడు నకళ్లు ఉంచండి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. సోలాపూర్ నకలు బెంగళూరు సంఘం దాచవచ్చు, బెంగళూరుది సోలాపూర్ దాచవచ్చు, తాళం వేసే ఇచ్చుకోండి. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, సీలు చేసిన కవరు అధ్యక్షుడి దగ్గర ఒకటి, కోశాధికారి దగ్గర ఒకటి పెట్టండి. ఏడాదికోసారి సభ్యుల నిల్వల పట్టిక అచ్చు వేసి సంతకాలు చెయ్యండి.

కంప్యూటర్ చదువులు చదివిన మన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. మూడు నెలలకో ఆదివారం పూట సంఘానికి ఇవ్వమని అడగండి, తప్పక వస్తారు. ఆ పెద్దమ్మ అడిగిన రోజున పైసాతో సహా చెప్పగలిగితేనే సంఘం మీద నమ్మకం నిలుస్తుంది.