మండువేసవిలో మన సీమ దారి



వైశాఖమాసమున, మిట్టమధ్యాహ్నమున, మన సీమలో దారిపట్టి పోవువానిని చూచి పెద్దలు "వీనికి వేరే పని లేదా?" అందురు. ఆ మాట న్యాయమైనదే. అయినను క్రిందటి వేసవిలో నేనును, నా మేనల్లుడును మోటారు బండిలో డోను నుండి బెలుం గుహల వరకు పోయితిమి. ఆ దారిలో కనిన సంగతులును, వానినుండి మన పల్లెలు గ్రహింపదగిన యొక విషయమును నేడు మీకు మనవి చేయుదును. ఎండను గూర్చి మొదలుపెట్టినను నా మాటలన్నియు తుదకు నీటిని గూర్చియే యగును.

వేసవి ప్రయాణము మనవారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 వ సంవత్సరము మే 18 వ తేదీన చెన్నపట్టణము విడిచి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా హైదరాబాదు చేరి, అటుపై కాశీకి పోయిరి. రైలు లేదు, మోటారు లేదు. పల్లకీ బోయీల కాళ్ళే వారికి ఆధారము. ఆ యాత్రా చరిత్రలో వారు మజిలీ మజిలీకిని దారి యెట్టిది, దిగుటకు వసతి కలదా, జలవసతి యెట్లున్నది అని శ్రద్ధతో వ్రాసికొనిరి. నాడు బాటసారి యూరిని కొలిచిన కొలత నీరే. నేటికిని మన సీమలో ఆ కొలత మారలేదు.

మన డోను, పూర్వపు పేరున ద్రోణాచలము, మొన్నమొన్నటివరకు కర్నూలు జిల్లాలోనిది. 2022 వ సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీ నుండి నంద్యాల జిల్లాలో చేరినది. జిల్లా మారినను వాన మారలేదు. ఏటి వర్షము అరువది, డెబ్బది సెంటిమీటర్లకు మించుట అరుదు. అదియు కొన్ని దినములలో కురిసి పోవును. మే మాసమున ఎండ 42, 43 డిగ్రీలకు ఎక్కును. నేలయంతయు నాపరాయి. పగలు కాగిన యా బండ అర్ధరాత్రి దాటినను చల్లారదు.

మాకీ ప్రయాణము తటస్థించుటకు కారణము నా మేనల్లుడు. అతడు అమెరికాలో ఉద్యోగము చేయుచు సెలవులలో సముద్రమున మునుగుట నేర్చినవాడు. వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట గొట్టము పెట్టుకొని, నీటి యడుగున తిరుగుట వారికి వేడుక. ఇందుకై యొక పర్యాయము మెక్సికో దేశమున యుకటాన్ అను ప్రాంతమునకు పోయెనట. నీటి లోతున ఒత్తిడివలన గాలిలోని నత్రజని నెత్తురున కరగి చేరును. అది మెల్లగా వెలువడవలెను గనుక, మునిగినవాడు విమాన మెక్కుటకు ముందు సుమారొక దినము ఊరకుండవలెనను నియమము కలదు. ఆ విరామ దినమున అతడు మిత్రులతో బండి కట్టించుకొని పల్లెలు చూడబోయెను.

"మామా, ఆ ఎండలో నాకు మన డోనే గుర్తుకు వచ్చింది" అని యతడు చెప్పెను. తిన్నని దారి, ఇరుప్రక్కల పొట్టి ముండ్ల చెట్లు, ఊరి మొదట బండిని ఎగురవేయు మిట్టలు. మనకు జొన్నరొట్టె యెట్లో వారికి మొక్కజొన్నరొట్టె యట్లు. వాన రాకున్న మన పల్లెలలో పిల్లలు కప్పతల్లిని మోసి ఇల్లిల్లు తిరుగుదురు గదా! అక్కడి మాయా జాతి రైతులు చాక్ అను వానదేవతను గూర్చి కొలువు చేయుదురట. ఆ కొలువులోను పిల్లలు కప్పలవలె అరతురట. వేల క్రోసుల దూరమున నున్న రెండు ఎండనేలలు కప్పనే వానకు దూతగా ఎంచుకొనుట వింతగా లేదా?

వింతలలో పెద్దది మరియొకటి. యుకటాన్ ఉత్తరభాగమున నేలమీద పారు నది యొక్కటియు లేదు. నేల సున్నపురాయి. వాన నీరు పగుళ్ళగుండ దిగి లోపలనే కాలువలై పారును. పై కప్పు కూలినచోట పెద్ద బావివంటి గుండమేర్పడును. వీనిని సెనోటే లందురు. ఆ ప్రాంతపు ప్రాచీన నగరములు అనేకము ఈ గుండములను ఆశ్రయించియే వెలసినవి. చిచెన్ ఇట్జా అను నగరమున నున్న గుండములో మాయా ప్రజలు బంగారమును, పచ్చరాళ్ళను, నరబలులను గూడ అర్పించిరని, 20 వ శతాబ్ది మొదట అందుండి దేవి తీసిన వస్తువులవలన తేలినది. వారికి నీరు దేవత.

ఈ కథ విని నేను "నాయనా, అట్టి నేల చూచుటకు సముద్రములు దాట నక్కరలేదు, రేపు నా వెంట రమ్ము" అంటిని. అదియే మా ప్రయాణమునకు నాంది.

తెల్లవారుజామున బయలుదేరి బేతంచెర్ల చేరితిమి. ఊరిచుట్టును నాపరాతి గనులు, బండలు కోసి నునుపు చేయు కార్ఖానాలు. ఇంటి నేలకు, గోడకు, అరుగునకు, చేని గట్టునకు కూడ మనవారు వాడునది ఈ రాయియే. బేతంచెర్లకు సమీపముననే బిల్లసర్గము గుహలు కలవు. న్యూబోల్డు దొర 1844 లో వీనిని గూర్చి వ్రాసెను. 1884, 85 సంవత్సరములలో రాబర్టు బ్రూసు ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడును, ఆయన కుమారుడును అందు త్రవ్వించిరి. పెక్కు జంతువుల ఎముకలు దొరకెను. వానిలో ఖడ్గమృగము ఎముకలును గలవు. శాస్త్రజ్ఞులు ఆ మృగమునకు మన కర్నూలు పేరే పెట్టిరి. ఖడ్గమృగము గడ్డియు, నీరును సమృద్ధిగా నున్నచోట మసలు మృగము. అనగా ఈ నేల ఎల్లప్పుడు ఇట్లే ఎండి యుండలేదన్నమాట.

పది గంటలు దాటినంతనే ఎండ ముదిరెను. దారిమీద ఎండమావులు ఏటివలె అలలాడెను. బనగానపల్లె యింకను దూరముండగనే మా బండి రేడియేటరు సలసల కాగి ఆవిరి చిమ్మెను. వేపచెట్టు నీడకు బండిని త్రోసికొని పోయితిమి. అచ్చట మట్టిమిద్దె ముందు కూర్చున్న యొక అవ్వ మమ్ము చూచి, పేరడుగలేదు, ఊరడుగలేదు. "ముందు నీళ్ళు తాగండి నాయనా, బండి సంగతి తరువాత" అని కుండలోని నీరు ముంచి యిచ్చెను. తరువాత మజ్జిగ, ఉల్లిగడ్డ, ఇంత రాగిసంగటి. ఆ యింట నీరు కొన్నదే. ఇరువది లీటర్ల డబ్బాలు గోడకు చేర్చి యుండెను. కొన్న నీటిని దారిన పోవువానికి పోయుట ఎంతటి దానమో ఆలోచింపుడు. 1866 వ సంవత్సరపు కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి గంజి పోసిరని మన సీమ నేటికిని పాడుకొనుచున్నది. ఆ ధర్మము పెద్దయిండ్లలోనే గాదు, ఇట్టి మట్టిమిద్దెలలోను బ్రతికియున్నది.

బండి చల్లారువరకు ఊరు చూచితిమి. ఊరి నడుమ నొక దిగుడుబావి. నలుదిక్కుల నాపబండల మెట్లు, ఎంతో పనితనముతో కట్టినది. ఒకప్పుడు పిల్లలు సొరకాయ బుర్రలు నడుమునకు కట్టుకొని అందులోనే ఈత నేర్చిరి. గజ ఈతగాండ్రు గట్టుమీదనుండి దూకి అడుగు మన్ను పిడికిట తెచ్చి చూపెడివారు. నేడు అందు నీరు పచ్చబడి యున్నది. పైని కాగితపు పళ్ళెములు, ప్లాస్టిక్కు సంచులు, చచ్చిన కోడి యొకటి. బావిని పూడ్చి అంగళ్ళు కట్టించవలెనని కొందరు పెద్దలు, వలదని కొందరు, రచ్చకట్టమీద వాదించుచుండిరి. బావికి కూతవేటు దూరముననే ఊరి మంచినీటి బోరు.

నా మేనల్లుడు ఆ రెండింటిని మార్చి మార్చి చూచి, "తాతా, ఈ బావిలో వేసినది ఆ బోరుకు చేరుటకు ఎన్ని దినములు పట్టునని మీ యెరుక?" అని యొక పెద్దమనిషి నడిగెను. ఆయన నవ్వి "నేల వడకట్టదా, అబ్బాయీ?" అనెను.

అయ్యలారా, ఈ ప్రశ్నయే మన ప్రసంగమునకు ముఖ్యము. ఇసుకనేల వడకట్టును. సున్నపురాతి నేల అట్లు వడకట్టదు. వాన నీరు గాలిలోని, మంటిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెము పుల్లనగును. ఆ పులుపు ఏండ్ల తరబడి రాతి పగులును కరగించి వెడల్పు చేయును. పగులు సందగును, సందు సొరంగమగును. అట్టి సొరంగమున పోవు నీరు మంటిలో ఇంకు నీటివలె మెల్లగా నడువదు, ఏరువలె పరుగెత్తును. ఇచట వేసిన మురికి అచట కొన్ని దినములలోనే, ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలలోనే తేలవచ్చును. యుకటాన్ గుండములకును నేడు పట్టిన బెడద యిదియే.

దిగుడుబావుల తప్పును నేను దాచను. మీలో పెద్దలు నారికురుపును మరచియుండరు. కాలినుండి గజము పొడుగు పురుగు నూలుపోగువలె వెడలు ఆ రోగము మెట్లబావులవలననే వ్యాపించెను. రోగి మంటకు తాళలేక కాలు నీట ముంచును. పురుగు తన పిల్లలను నీట విడుచును. కంటికి ఆనని నీటి కీటకములు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాదికి పురుగు వెడలును. దీనికి టీకా లేదు, మందు లేదు. అయినను 1983 ప్రాంతమున మొదలైన ప్రయత్నము చేత 1996 నాటికి తుది రోగి కనబడెను. 2000 వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనదని ప్రకటించెను. దేనివలన? నీటిని గుడ్డతో వడకట్టుట, రోగిని బావిలో దిగనీయకుండుట, మెట్లబావిని చేదబావిగా మార్చుట, ఇట్టి కట్టుబాట్లవలననే. పల్లె తలచుకొన్న నీటి నడవడిని మార్చగలదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

బండి బాగుపడిన పిదప బనగానపల్లె దాటి యాగంటి చేరితిమి. కొండనడుమ ఉమామహేశ్వరుని కోవెల. కాకులు వాలని క్షేత్రమని ప్రతీతి. చుట్టును కొండ నిప్పువలె కాలుచుండగా, కోనేటిలో మాత్రము కొండనుండి వచ్చు ఊటనీరు నంది నోటినుండి ఎడతెగక జారుచున్నది. ఆ నీట మునిగి లేచిన క్షణమున దారి బడలిక యంతయు తీరెను. "సెనోటేలలోను నీరు ఇట్లే నిర్మలముగా నుండును మామా" అని మేనల్లుడు గట్టున కూర్చుండి పలికెను. మురికి చేరనంతవరకు రాతినీరు ఇట్లుండును.

అవుకు, కొలిమిగుండ్ల మీదుగా సాయంకాలమునకు బెలుం గుహలు ప్రవేశించితిమి. బయట చూడ చదునైన చేలు. నడుమ నొక గుంట. మెట్లు దిగిన మూడు కిలోమీటర్లకు పైగా సాగిన సొరంగములు! లోపల చల్లగా నుండునని తలచినవారికి ఉక్క తగులును. 1884 లో ఫుట్ దొర వీనిని గూర్చి వ్రాసెను. 1982, 83 లలో గెబాయరు అను జర్మను దేశస్థుని బృందము శ్రద్ధగా కొలిచెను. 2002 లో సందర్శకులకు తెరచిరి. మీరు గమనింపవలసిన సంగతి వేరొకటి. 1980 దశకము వరకు ఈ గుహ చుట్టుప్రక్కలవారికి చెత్త పారవేయు గోయి. ఆ ప్రాంతపు వారే కొందరు పూనుకొని, ప్రభుత్వమునకు తోడ్పడి, దీనిని శుభ్రపరచుటకు దారితీసిరి. నేడు దేశదేశముల జనము రొక్కమిచ్చి చూడవచ్చుచున్నారు.

గుహలో మిక్కిలి లోతైన తావు, నూటయేబది అడుగుల క్రింద, పాతాళగంగ. సన్నని నీటిపాయ రాతి సందున కనబడి మరల చీకటిలో మాయమగును. అచ్చట మేనల్లుడు చెప్పిన మాట నా చెవిలో నిలిచిపోయినది. నీటి గుహలలో మునుగువారికొక కఠిన నియమము కలదట. సిలిండరులోని గాలిని మూడు పాళ్ళుగా ఎంచుకొందురు. ఒక పాలు లోనికి పోవుటకు. ఒక పాలు మరలి వచ్చుటకు. మూడవ పాలు ముట్టరాదు. "అది నీ ఆపదకు దాచినదా?" అంటిని. "నా ఆపదకే కాదు మామా. లోపల తోడివాని గాలి అయిపోయిన, వానిని వెలుపలికి తెచ్చుటకు" అనెను.

ఆలోచింపుడు. మన సీమలో ఒక్కొక్క రైతు ఆరు, ఏడు వందల అడుగుల బోరు వేయును. ప్రక్కవాడు అంతకు నూరడుగులు ఎక్కువ వేయును. ఇద్దరును పీల్చునది ఒక్క పాతాళగంగనే. మూడవ పాలు ఎవడును మిగుల్పడు. వాన తప్పిన యేట ఇద్దరి గొట్టములును ఎండును. పొరుగువాని కొరకు మిగిల్చిన నీరే తనకును ఆపద్ధనమని ఆ మునకగాండ్రకు తెలిసినది. వాననీటి పాలును, బావిలోని పాలును, బోరులోని పాలును ఊరంతయు కూర్చుండి లెక్కించుకొనుట మనకేల అసాధ్యము?

కావున గ్రామపెద్దలకు నా విన్నపము స్వల్పమే. మీ యూరి దిగుడుబావిని పూడ్చకుడు. అది పాడుపడిన కట్టడము కాదు, పాతాళగంగకు తెరచిన నోరు. వానకు ముందు దానిని పూడిక తీయించి, చుట్టును ప్రహరి కట్టించి, మిద్దెలమీది వాననీటిని వడకట్టి అందులోనికి మళ్ళింపుడు. అందు చెత్త వేయువానిని, నాడు నారికురుపు రోగిని ఆపినట్లే, నయముగా ఆపుడు. ఇక వచ్చు వేసవికి ఊరి మొదట నొక చలివేంద్రము. కుండకు మూత, ముంచుటకు పిడిగల గరిటె, అంతే. దారిన పోవువాడు మీ యూరి పేరు మరచినను, ఆ నీటి రుచిని మరవడు.

సెలవు.