నీళ్లలో కాలే ఇటుక



2024 డిసెంబరు 21, శనివారం. ప్రకాశం జిల్లా ముండ్లమూరులో భూమి కొన్ని సెకన్ల పాటు కదిలింది. బడి పిల్లలు తరగతి గదుల్లోంచి, ఉద్యోగులు ఆఫీసుల్లోంచి బయటికి పరుగెత్తారు. మర్నాడు మళ్లీ కదిలింది. ఆ మర్నాడు ఇంకోసారి. ఇళ్లు కూలేంత పెద్ద కదలికలు కావవి. అయినా ఆ మూడు రోజుల తర్వాత ఈ చుట్టుపక్కల జనం తమ ఇంటి గోడల వంక చూసే చూపు మారింది. అంతకుముందు రంగు గురించి, గిలాబా గురించి మాట్లాడేవాళ్లు. ఇప్పుడు గోడ లోపల ఏముందని అడుగుతున్నారు.

అలా అడిగినవాళ్లలో ఒక పెద్దావిడ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "బాబూ, మావాడు బూడిద ఇటుకలతో ఇల్లు కడతానంటన్నాడు. ఎర్ర ఇటుకైతే బట్టీలో కాలుద్ది, గట్టిపడుద్ది. దీన్ని కాల్చేదే లేదంట. కాల్చని ఇటుక, అదీ బూడిదతో చేసింది, గోడై నిలబడుద్దా?"

ఎంత సరైన ప్రశ్నో చూడండి. మట్టి ఇటుకకు బలం నిప్పు నుంచి వస్తుంది. మరి నిప్పు చూడని ఇటుకకు బలం ఎక్కడిది? ఈ రోజు ప్రసంగమంతా ఆవిడకు నేను చెప్పిన జవాబే, కొంచెం వివరంగా.

ముందు ఆ బూడిద ఎక్కడిదో చెబుతాను. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, కొండపల్లి బొమ్మలు చేసే ఊరి పక్కనే, నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 1979లో అక్కడ మొదటి యూనిట్ మొదలైంది. ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్, కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య కేంద్రం, పరవాడలో సింహాద్రి కూడా బొగ్గుతో నడిచేవే. మన దేశపు బొగ్గులో బూడిద పాలు చాలా ఎక్కువ. నూరు కిలోలు కాలిస్తే ముప్పై నుంచి నలభై కిలోల దాకా బూడిదే మిగులుతుంది. అందులో కొంత బాయిలరు అడుక్కు రాలిపోతుంది. సుమారు ఐదింట నాలుగు పాళ్లు మాత్రం పొగతో పాటు పైకి లేస్తుంది. అలా ఎగిరే బూడిద కాబట్టే ఫ్లైయాష్ అన్న పేరు. దాన్ని పొగగొట్టం దాకా పోనీకుండా కరెంటు పలకలతో లాగి పట్టుకుంటారు.

ఈ బూడిద పొయ్యిలో బూడిద లాంటిది కాదు. బాయిలరులో వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి బొగ్గులోని మట్టి కరిగి, గాలిలోనే చల్లారి, గాజు పూసల్లా గుండ్రటి రేణువులవుతుంది. చాలా రేణువులు తల వెంట్రుక మందం కన్నా సన్నగా ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే గరుకు తెలియదు, ముఖానికి రాసుకునే పౌడరులా జారుతుంది. అంటే ఈ బూడిద పుట్టుకలోనే ఒకసారి నిప్పును చూసింది. పెద్దావిడకు నేను మొదట చెప్పిన మాట ఇదే. అమ్మా, దీన్ని కాల్చనక్కర్లేదు, ముందే కాలి వచ్చింది.

మరి అతుక్కోవడం ఎలా? ఇక్కడ మన పెద్దల పని గుర్తుచేయాలి. పాత బావులకు, నీళ్ల తొట్లకు గానుగ సున్నం వాడేటప్పుడు అందులో ఇటుక పొడి కలిపేవాళ్లు. ఎద్దు తిరుగుతుంటే రాతి చక్రం కింద సున్నం, ఇసుక, ఇటుక పొడి మెత్తగా నలిగేవి. ఉత్త సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది. ఇటుక పొడి కలిసిన సున్నం నీళ్లలో మునిగి ఉన్నా గట్టిపడుతుంది. కాలిన మట్టిలోని సిలికా, సున్నం, నీరు ఈ మూడూ కలిస్తే రాయిలాంటి జిగురు తయారవుతుంది. రెండు వేల ఏళ్ల కింద రోమనులు ఇటలీలో పొజ్జువోలి అనే ఊరి దగ్గర దొరికే అగ్నిపర్వతపు బూడిదను సున్నంలో కలిపి కట్టింది కూడా ఈ గుణాన్ని నమ్ముకునే. ఆ ఊరి పేరే ఇవాళ మన సిమెంటు బస్తా మీదికి వచ్చింది. పీపీసీ అన్నప్పుడు రెండో 'పీ' పొజోలానా.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు కొంత సున్నాన్ని విడిచిపెడుతుంది. ఆ సున్నం గోడకు బలమేమీ ఇవ్వదు, తడి తగిలినప్పుడల్లా కరిగి బయటికి రావాలని చూస్తుంది. బూడిద పక్కనే ఉంటే ఆ సున్నాన్ని పట్టుకుని తనూ జిగురుగా మారుతుంది, లోపలి సందులు పూడుస్తుంది. అయితే ఈ పని నిదానంగా సాగుతుంది. వారంలో అరకొరగా, నెలకు బాగా, ఆ తర్వాత కూడా కొన్ని నెలల పాటు నడుస్తూనే ఉంటుంది. తడి ఉన్నంతసేపే నడుస్తుంది. తడి ఆరితే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

మట్టి ఇటుకకు బట్టీలో నిప్పు ఎలాగో, బూడిద ఇటుకకు నీళ్లు అలాగ. బట్టీలో సరిగా కాలని ఇటుకను మనం పచ్చి ఇటుక అని పక్కన పడేస్తాం. నీళ్లు చాలని బూడిద ఇటుక కూడా పచ్చిదే. కాకపోతే దాని పచ్చితనం కంటికి కనిపించదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మా ఇంటి వెనక ప్రహరీకి ఎండాకాలంలో, తొందరలో, దొరికినచోట లోడు ఎత్తించాను. నెల దాటిన సరుకని చెప్పారు, నేనూ మళ్లీ అడగలేదు. పోసి వారం కూడా కాలేదని తర్వాత తెలిసింది. రెండో వానాకాలానికి అంచులు అరిసె విరిగినట్టు రాలడం మొదలైంది. గోరుతో గీకితే బూడిద వచ్చేది. మేస్త్రీ చూసి "బూడిద ఇటుకంటే ఇంతే సార్" అన్నాడు. కాదు. అది బూడిద చేసిన తప్పు కాదు, దాహంతో ఆగిపోయిన ఇటుక అది.

బూడిద ఇటుకలో సగానికి పైగా బూడిద, మిగతాది క్రషర్ డస్టు, కాస్త సిమెంటు. సిమెంటు లేకుండా కూడా చేయవచ్చని చూపించింది మన తెలుగువాళ్లే. విశాఖపట్నంలో ఇన్స్వరెబ్ అనే సంస్థ పెట్టిన భానుమతిదాస్, కాళిదాస్ గార్లు బూడిద, సున్నం, జిప్సం ఈ మూడింటితో ఇటుక చేసే పద్ధతికి ఫాల్‌జీ అని పేరు పెట్టారు. ఎరువుల కర్మాగారాల్లో మిగిలిపోయే జిప్సం కూడా దానికి పనికొస్తుంది. బట్టీ లేదు, కట్టె లేదు, పొగ లేదు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు కాబట్టి చిన్న పెట్టుబడివాళ్లు కూడా యూనిట్లు పెట్టగలిగారు. నిప్పు ఆదా అయినందుకు ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి నుంచి ఈ చిన్న యూనిట్లకు చేయూత కూడా దొరికింది. విశాఖలో పుట్టిన ఈ పని గురించి మన పిల్లల పాఠాల్లో ఒక పేరా అయినా ఉండాలని నా కోరిక.

మట్టి ఇటుక కోసం మనం తవ్వేది చేలో పైమట్టి. జొన్నో, కందో పండే మట్టి. ఒకసారి బట్టీకి పోతే ఆ చేను మళ్లీ కోలుకోవడానికి తరాలు పడుతుంది. ఇంకోవైపు బూడిద గుట్టలుగా పడి ఉంది. 1996-97లో దేశంలో దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద వస్తే పదో వంతు కూడా వాడలేదు. 1999లో కేంద్రం బూడిద వాడకం మీద మొదటిసారి నియమం పెట్టింది. ఇప్పుడు థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టడాల్లో బూడిదతో చేసిన సరుకు వాడాలన్నది నియమం. ముండ్లమూరు నుంచి చూస్తే ఇబ్రహీంపట్నం, కృష్ణపట్నం, ముద్దనూరు మూడూ ఆ దూరంలోనే ఉన్నాయి. 2019-20 నాటికి వాడకం నూటికి ఎనభై దాటింది.

ఇక ఆరోగ్యం సంగతి. ఇదే బూడిద పొడిగా గాలిలో ఉంటే ఊపిరితిత్తులకు శత్రువు. సన్నటి రేణువు ముక్కు వెంట్రుకలకు, గొంతు తేమకు చిక్కకుండా లోపలి చివరి గదుల దాకా పోతుంది. మార్కాపురం పలకలు కోసే చోట, గ్రానైటు కోసే చోట పనిచేసేవాళ్లకు సిలికా దుమ్ము ఏం చేస్తుందో మన ప్రాంతానికి చెప్పనక్కర్లేదు. థర్మల్ కేంద్రాల్లో బూడిదను నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదులుతారు. ఆ బూడిద చెరువులు ఎండాకాలంలో ఆరితే గాలికి లేస్తాయి. టార్పాలిన్ కప్పని లారీలు దారి పొడుగునా చల్లుకుంటూ పోతాయి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి ఈ దుమ్ము గురించి మొరపెట్టుకుంటున్నారు. వాళ్ల బాధ నిజం. మన ఇంటి ఇటుక చవగ్గా రావడానికి వాళ్ల పిల్లలు దగ్గకూడదు. అక్కడ కూడా కావలసింది తడే. చెరువు తడిగా ఉండాలి, లారీలో సరుకు తడిపి కప్పాలి.

ఇటుకల యూనిట్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఒక మాట. బస్తా విప్పేటప్పుడు, మిక్సర్లో పోసేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోండి. చీర కొంగు ఈ దుమ్మును ఆపలేదు. సున్నం ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. కంట్లో పడితే నలపకుండా నీళ్ల ధార కింద చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేల ఊడ్చే ముందు నీళ్లు చల్లండి.

ఇళ్లలో ఉండేవాళ్లకు ఇంకో మాట. పొయ్యి బూడిదతో అంట్లు తోముకుంటాం, వంగ మొక్కల మీద చల్లుతాం. ఇల్లు కట్టగా మిగిలిన ఫ్లైయాష్‌తో ఆ పని చేయవద్దు. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం వంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. ఇటుకలో జిగురుతో బిగుసుకున్నప్పుడు అవి చాలా వరకు అక్కడే ఉండిపోతాయి. పొడిగా ఉన్నప్పుడు చేతికి, నీళ్లకు, నోటికి చేరతాయి. పిల్లలను ఆ కుప్ప మీద ఆడనివ్వకండి.

"ఈ ఇటుకల్లోంచి రేడియేషన్ వస్తుందట" అని కూడా కొందరు అడుగుతుంటారు. మట్టిలో, గ్రానైటులో, మనం నడిచే నేలలో లేశమాత్రంగా యురేనియం, థోరియం ఉంటాయి. బొగ్గు కాలిపోయాక బూడిదలో వాటి పాలు చిక్కబడుతుంది. ఇటుకగా మారాక మట్టి ఇటుకకూ దీనికీ తేడా పెద్దగా ఉండదు. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే బెంగ పెట్టుకోవలసిన పని లేదు.

కొనేటప్పుడు చూడవలసింది ఇది. రెండు ఇటుకలు తీసుకుని ఒకదానితో ఒకటి తట్టండి. ఖంగున మోగాలి. మేకుతో గీస్తే సన్నటి గీత పడాలి గానీ పొడి రాలకూడదు. ఇంకో మంచి పరీక్ష ఉంది. ఎండిన ఇటుకను కిరాణా కాటా మీద తూచి, రోజంతా బకెట్లో ముంచి, తీసి తుడిచి మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక మూడు కిలోల ఆరు వందల గ్రాములకు మించి తూగితే నీళ్లు ఎక్కువ తాగుతోందన్నమాట. ఆ లోడు వద్దు.

తడి విషయంలో స్లాబుకు కూడా ఇటుక లెక్కే. బూడిద కలిసిన పీపీసీ సిమెంటులో నూటికి 15 నుంచి 35 పాళ్ల దాకా ఫ్లైయాష్ ఉంటుంది. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు తడి ఉంచితే, దీనికి కనీసం పది రోజులు ఉంచాలి. మన ఎండలకు పద్నాలుగు రోజులు ఉంచడం మేలు. బిందె నీళ్లకు లెక్క చూసుకునే ఊళ్లలో ఇది కష్టమని నాకు తెలుసు. అందుకే ఊరికే పైపుతో కొట్టి వదిలేయకుండా గోనె పట్టాలు పరిచి తడపండి. ఇటుకల దొంతి మీద టార్పాలిన్ కప్పండి. పొద్దున పోసిన నీళ్లు సాయంత్రం దాకా నిలుస్తాయి. ఉప్పు నీళ్లు మాత్రం వాడకండి, గోడ మీద తెల్లగా పూస్తుంది.

భూమి కదిలినప్పుడు ఇటుక ఒక్కటే ఇంటిని కాపాడదు. పునాది మీద, గుమ్మాల మీద ఇంటి చుట్టూ తిరిగి వచ్చే బీము ఉండాలి, మూలలు ఒకదానికొకటి కట్టుపడాలి. అది మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి.

కొన్ని వారాల తర్వాత ఆ పెద్దావిడ మనవడితో కలిసి ఇటుకల యార్డుకు వెళ్లిందట. వరసగా దొంతులు, మీద తడి గోనెలు. యజమాని ధర చెప్పబోతుంటే, "ధర తర్వాత చెబుదువు గానీ నాయనా, ఇయ్యి ఎన్ని రోజులు తడిసినయ్?" అని అడిగిందట. అతను గోనె పట్టా పక్కకు జరిపి, ఇటుక మీద సుద్దముక్కతో రాసిన తేదీ చూపించాడు. ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, నెల నిండడానికి ఇంకా తొమ్మిది రోజులుందని, అప్పుడు లారీ పంపమని చెప్పి వచ్చేసింది.